సంఘానికి డబుల్ క్యాబ్ పికప్ కొనవచ్చునా? – గుణాలు, పనితనం, విలువ



కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాలకవర్గాల వారు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటి వుంది. "సంఘానికి సొంత బండి కొనుక్కోవచ్చునా? కొనేదేదో ముందు అయిదుగురు కూర్చుని, వెనక పాల క్యాన్లు పెట్టుకునే డబుల్ క్యాబ్ కొంటే రెండు పనులూ అవుతాయి గదా?" అని. ప్రశ్న మంచిదే. అయితే దీనికి జవాబు షోరూములో దొరకదు. సంఘం పాల రిజిస్టరులో దొరుకుతుంది. ఆ జవాబు వెతుక్కునే విధానమే ఈ పాఠం.

1. డబుల్ క్యాబ్ అంటే ఏమిటి?

మామూలు పికప్‌కు ముందు ఒకే వరుస సీటు వుంటుంది. డ్రైవరు, పక్కన ఒకరిద్దరు కూర్చుంటారు. వెనకదంతా సరుకు తొట్టి. డబుల్ క్యాబ్‌కు నాలుగు తలుపులు, రెండు వరుసల సీట్లు, అయిదుగురికి చోటు. అయితే ఆ రెండో వరుసకు చోటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. తొట్టిని కురచ చేసి ఆ చోటు తీసినారు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే మిగిలిన పాఠం సగం వచ్చినట్లే.

మన దేశంలో అమ్మకానికి వచ్చిన డీజిల్ డబుల్ క్యాబ్‌లలో నాలుగింటిని చెప్పుకుందాం. మహీంద్రా బొలెరో క్యాంపర్ మన ఊళ్ళలో అందరూ ఎరిగినదే. దాని ఇంజను 2,523 సి.సి., శక్తి 75 హార్స్ పవర్, మోసే బరువు 1,000 కిలోలు. టాటా యోధా క్రూ క్యాబ్‌ది 2.2 లీటర్ల ఇంజను, 100 హార్స్ పవర్. ఇసుజు వి-క్రాస్ 2016లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి రావడం మొదలయింది. దాని 1.9 లీటర్ల ఇంజను శక్తి 163 హార్స్ పవర్. టయోటా హైలక్స్ 2022లో మన దేశానికి వచ్చింది. 2.8 లీటర్ల ఇంజను, 204 హార్స్ పవర్, నాలుగు చక్రాలకూ ఈడ్పు.

ఈ నాలుగూ ఒకే జాతివి కావు. మొదటి రెండూ బరువు మోయడానికి కట్టిన బండ్లు. తరువాతి రెండూ ముఖ్యంగా సౌఖ్యంగా దూరం పోవడానికి కట్టినవి. ధర బాగా ఎక్కువ. హార్స్ పవర్ ఎక్కువ గనుక క్యాన్లు ఎక్కువ పడతాయనుకోరాదు. ఎన్ని క్యాన్లు మోయవచ్చునో చెప్పేది ఇంజను కాదు, ఆర్.సి. పుస్తకం.

2. ఆర్.సి. పుస్తకం చదివే పద్ధతి

ఆర్.సి.లో రెండు అంకెలు వుంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపి వుండదగిన మొత్తం బరువు. రెండో దానిలోంచి మొదటిది తీసివేస్తే మిగిలేదే మనం ఎక్కించుకోగల బరువు. డ్రైవరు బరువూ, వెనక సీట్లో కూర్చున్న అధ్యక్షులవారి బరువూ అందులోనే వస్తాయి.

ఇక క్యాను లెక్క. లీటరు పాలు కిలో కంటె కొంచెం ఎక్కువ, సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు దాటుతాయి. క్యాను బరువు కలుపుకొని ఒక్కొక్కటి 50 కిలోలని పట్టుకుంటే లెక్క సులువు, క్షేమం కూడా. మనిషికి 65 కిలోలు వేసుకుందాం.

1,000 కిలోల డబుల్ క్యాబ్‌లో డ్రైవరు, ఒక సహాయకుడు మాత్రమే ఎక్కితే 130 కిలోలు పోతాయి. మిగిలిన 870 కిలోలకు 17 క్యాన్లు, అంటే 680 లీటర్లు.

అదే బండిలో అయిదుగురు కూర్చుంటే 325 కిలోలు పోతాయి. మిగిలిన 675 కిలోలకు 13 క్యాన్లు, అంటే 520 లీటర్లు. ముగ్గురు మనుషులు ఎక్కినందుకు 160 లీటర్ల పాలు ఊళ్ళో మిగిలిపోయినట్లు.

అదే 1,300 కిలోలు మోసే ఒంటి క్యాబ్ పికప్ అయితే ఇద్దరు మనుషులు పోను 1,170 కిలోలు మిగులుతాయి. 23 క్యాన్లు, 920 లీటర్లు.

ఇది బరువు లెక్క. చోటు లెక్క వేరే వుంది. కురచ తొట్టిలో బరువుకు సరిపోయినా క్యాన్లు పట్టకపోవచ్చు. బండి కొనకముందు తొట్టి పొడుగు వెడల్పులు కొలుచుకొని వచ్చి, పాలకేంద్రం ముందు నేల మీద సుద్దతో ఆ కొలత గీసి, ఖాళీ క్యాన్లు వరుసగా నిలబెట్టి చూడండి. ఒకదానిపై ఒకటి ఎక్కించి చూడకండి. నిండు క్యాన్లను అట్లా పెట్టరాదు. ఖర్చు లేని పరీక్ష ఇది.

బరువు మించితే ఏమవుతుందో చట్టం ఒకటి చెబుతుంది, దారి ఒకటి చెబుతుంది. 2019 సవరణ తరువాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. దారి చెప్పే మాట ఇంకా కఠినం. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో కిక్కిరిసిన బస్సు దిగుడులో అదుపు తప్పి లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయిన సంగతి కరీంనగర్ ప్రాంతం వారెవరూ మరువలేదు. దిగుడులో బండిని ఆపవలసింది బ్రేకులు. పెరిగిన ప్రతి కిలో వాటి మీదే పడుతుంది. కెరమెరి ఘాట్, నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ దిగే పాల బండి రెండో గేరులో, ఇంజను పట్టు మీద దిగవలె గాని, న్యూట్రల్‌లో డీజిల్ ఆదా చేస్తూ దిగరాదు.

3. డీజిల్ ఇంజను పనితనం

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు వుండదు. సిలిండరులోని గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కివేస్తే అది నిప్పులా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1890లలో కనిపెట్టిన పద్ధతి ఇదే. అందువల్ల ఈ ఇంజను తక్కువ వేగంలోనే ఎక్కువ ఈడ్పు ఇస్తుంది.

హార్స్ పవర్‌కూ ఈడ్పుకూ తేడా రైతుకు చెప్పనక్కరలేదు. గుర్రం పరుగు వేరు, ఎద్దు లాగుడు వేరు. ఈ లాగుడునే టార్క్ అంటారు. న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. క్యాంపర్‌కు 200, యోధాకు 250, వి-క్రాస్‌కు 360, హైలక్స్‌కు గేరు పద్ధతిని బట్టి 420 లేక 500. పదిహేడు క్యాన్లు మోసుకొని ఊరూరా ఆగుతూ, తారు రోడ్డు మీద నలభై అయిదు కిలోమీటర్ల వేగంతో పోయే పాల బండికి 200 చాలు. అంతకు మించి ఇచ్చే సొమ్ము పాలకు ఉపయోగపడదు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న కొత్త బండ్లన్నీ బీఎస్ 6 ప్రమాణాలవి. వీటి పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ వుంటుంది. బండి కొంతసేపు నిలకడ వేగంతో పోయినప్పుడు ఆ జల్లెడ వేడెక్కి, పట్టిన మసిని తానే కాల్చివేసుకుంటుంది. పాల బండి పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. రెండు కిలోమీటర్లు పోవడం, ఇంజను నడుస్తుండగానే ఆగడం, మళ్ళీ రెండు కిలోమీటర్లు. ఇట్లా నెలల తరబడి నడిపితే జల్లెడ పూడుకుంటుంది. కాబట్టి క్యాన్లు ఎక్కించేటప్పుడు ఇంజను ఆపవలె. జల్లెడ దీపం వెలిగితే రాజీవ్ రహదారి వంటి మంచి రోడ్డు మీద పదిహేను ఇరవై నిమిషాలు నిలకడగా నడపవలె. దీపాన్ని లెక్కచేయకపోతే సర్వీసు సెంటరు బిల్లు ఒక నెల బోనసును మింగుతుంది.

మిగిలిన జాగ్రత్తలు పాతవే. ఉదయం బండి తీయకముందు ఇంజనాయిలు, రేడియేటరు నీళ్ళు చూడవలె. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలవలె. పత్తి తోలే రోజులలో మట్టి దారులు తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరును పుస్తకంలో రాసినదాని కంటె ముందే మార్చవలె. టర్బో వున్న ఇంజనును ఎక్కుడు ఎక్కి వచ్చిన వెంటనే ఆపివేయక, ఒక్క నిమిషం నెమ్మదిగా తిరగనిచ్చి ఆపవలె.

4. నాలుగు చక్రాల ఈడ్పు ఎవరికి?

2016 అక్టోబరులో పాత జిల్లాలు విడిపోయినా, దారుల స్వభావం విడిపోలేదు. పాత కరీంనగర్‌లో శ్రీరాంసాగర్ కాలువ కింద ఊళ్ళు దగ్గర దగ్గరగా వుంటాయి, తారు రోడ్లున్నాయి, వరిగడ్డి వుంది, బర్రెలున్నాయి. అక్కడి పాల మార్గానికి వెనక చక్రాల ఈడ్పే చాలు. నాలుగు చక్రాల ఈడ్పుకు ఇచ్చే అదనపు ధర, తాగే అదనపు డీజిల్ దండుగ.

ఆదిలాబాద్ వైపు ఉట్నూరు, నార్నూరు, జైనూరు, తిర్యాణి మండలాలలో ఊళ్ళు దూరం, నల్లరేగడి నేల, నడుమ వాగులు. వానాకాలంలో నల్లరేగడి చక్రానికి పట్టుకుంటే ఖాళీ పికప్ వెనక చక్రాలు తిరుగుతూనే వుంటాయి, బండి కదలదు. అక్కడ నాలుగు చక్రాల ఈడ్పు పనికి వస్తుంది. అయితే రెండు హెచ్చరికలు.

మొదటిది, ఇటువంటి పికప్‌లలో ఎక్కువ వాటికి ఈ ఈడ్పు అవసరమైనప్పుడే వేసుకునేది. ఎండిన తారు రోడ్డు మీద వేసి వంకలు తిప్పితే ముందు వెనక చక్రాలు వేరు వేరు దూరాలు తిరుగుతాయి గనుక ఇరుసుల మీద మెలి పడి గేరుపెట్టె చెడుతుంది. బురద దాటగానే తీసివేయవలె.

రెండోది, ఈడ్పు ఎన్ని చక్రాలకు వున్నా పారే వాగులో దిగరాదు. మోకాలి లోతు పారే నీరు బండిని పక్కకు నెట్టగలదు. గాలి గొట్టం గుండా నీరు ఇంజనులోకి పోతే, గాలి నలిగినట్లు నీరు నలగదు. లోపలి రాడ్లు వంగి ఇంజను ఒక్క క్షణంలో పాడవుతుంది. ఆ పూట పాలు పోయినా, బండీ మనిషీ మిగలవలె.

5. పాల మేలు కోరి బండి నడపడం

బరువు మోసే పికప్‌కు వెనక కమాన్ పట్టీలు గట్టిగా వుంటాయి. ఖాళీగా వున్నప్పుడు ఎగురుతుంది, బరువు పడితే నిమ్మళిస్తుంది. సగం నిండిన క్యాన్లు ఎగిరితే లోపల పాలు చిలికినట్లయి వెన్న పలుకులు తేలుతాయి. శాంపిలులో వెన్నశాతం తగ్గి సభ్యునికి నష్టం. అందుచేత క్యాన్లు నిండుగా నింపి, మిగిలిన వాటిని తాళ్ళతో బిగించవలె. డబుల్ క్యాబ్ తొట్టిలో వెనక భాగం వెనక ఇరుసును దాటి వుంటుంది గనుక బరువంతా వెనక చివరన పెడితే ముందు చక్రాల పట్టు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. నిండు క్యాన్లు క్యాబ్ వైపు, ఖాళీవి తలుపు వైపు వుండవలె.

తొట్టిలో పాల క్యాన్ల పక్కన పురుగు మందులు, డీజిల్ డబ్బాలు పెట్టరాదు. పాలు వాసనను పట్టుకుంటాయి. దాణా బస్తాలు తిరుగు ప్రయాణంలో, తొట్టి కడిగి ఆరిన తరువాత.

ఇంకొక ముఖ్య విషయం. కృత్రిమ గర్భధారణకు వీర్యం నిలువ చేసే ద్రవ నైట్రోజన్ పాత్రను డబుల్ క్యాబ్ వెనక సీట్లో పెట్టుకొని, అద్దాలు మూసి ఏ.సి. వేసుకొని పోవడం చాలా అపాయం. సున్నాకు దిగువన 196 డిగ్రీల ఆ ద్రవం ఎప్పుడూ కొంచెం కొంచెం ఆవిరవుతూ వుంటుంది. మూసిన క్యాబ్‌లో ఆ ఆవిరి ఊపిరి గాలిని తరిమివేస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతు పట్టదు. మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. ఆ పాత్ర తొట్టిలో, నిలువుగా, కట్టి వుండవలె.

6. వెనక తొట్టిలో మనుషులు

డబుల్ క్యాబ్‌లో అయిదు సీట్లు వున్నవి గదా అని సర్వసభ్య సమావేశానికి పదిహేను మందిని ఎక్కించుకొని, పది మందిని తొట్టిలో నిలబెట్టడం మనం చూస్తున్నదే. పాలు పోసే అక్కలు, చెల్లెళ్ళు చంటి పిల్లలతో సహా అట్లా ప్రయాణిస్తారు.

సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వవలసిన బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తీర్పు చెప్పింది. అంటే ప్రమాదం జరిగితే ఆ పరిహారం బండి యజమాని మీద పడుతుంది. యజమాని ఎవరు? సంఘం. సంఘం అంటే ఎవరు? ఆ బండిలో దెబ్బ తిన్నవారే. సీటు బెల్టుకు ఒక్కరు చొప్పున అయిదుగురు, అంతకు మించి ఒక్కరు కూడా వద్దు. ఈ మాటను తీర్మానంగా రాసి బండి తలుపు మీద రంగుతో రాయించండి.

డ్రైవరు లైసెన్సు గురించి చాలామంది అడుగుతున్నారు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని తేలిక మోటారు వాహన లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కరలేదు. కాని ఫిట్‌నెస్ వుండవలసిందే. కొన్ని డబుల్ క్యాబ్‌లు సరుకు బండిగా, కొన్ని సొంత వాహనంగా రిజిస్టరవుతాయి. ఏ బోర్డు వస్తుందో సొమ్ము కట్టకముందే రవాణా ఆఫీసులో కనుక్కోండి.

7. విలువ: లీటరుకు ఎంత?

బండి ధర చూసి విలువ చెప్పలేము. లీటరు పాలకు ఎంత పడుతుందో చూసి చెప్పవలె. లెక్క విధానం చూపడానికి అంకెలు ఊహించుకుందాం. మీ అంకెలు మీరు వేసుకోండి.

బండి ధర 10 లక్షలు, ఎనిమిదేళ్ళ తరువాత 2 లక్షలకు అమ్ముడు పోతుందనుకుందాం. ఏటా తరుగుదల 1,00,000. అప్పు మీద వడ్డీ సగటున 60,000. ఇన్సూరెన్సు, పన్ను, ఫిట్‌నెస్ 50,000. టైర్లు, సర్వీసు, మరమ్మతు 60,000. మొత్తం ఏడాదికి 2,70,000. రోజుకు సుమారు 740 రూపాయలు. బండి కదలకపోయినా ఈ ఖర్చు ఆగదు.

రోజుకు 72 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే 6 లీటర్ల డీజిల్. లీటరు 95 రూపాయల చొప్పున 570. డ్రైవరుకు 500. మొత్తం రోజుకు 1,810 రూపాయలు.

రెండు పూటలా కలిపి 1,200 లీటర్లు వస్తే లీటరుకు రూపాయిన్నర. 800 లీటర్లు వస్తే 2 రూపాయల 26 పైసలు. 400 లీటర్లే వస్తే 4 రూపాయల 52 పైసలు. బండి అదే, డ్రైవరు అదే, దారి అదే. మారింది పాలు మాత్రమే. ఎండాకాలంలో బర్రెలు వట్టిపోయినప్పుడు మీ సంఘంలో ఎన్ని లీటర్లు వుంటాయో ఆ అంకెతో లెక్క వేయండి గాని, చలికాలపు అంకెతో కాదు.

మరి డబుల్ క్యాబ్ రెండో వరుసకు విలువ లేదా? వుంది. పశువైద్య శిబిరాలకు సిబ్బందిని తీసుకుపోవడం, దాణా, మందులు, పశుగ్రాస విత్తనాలు చేర్చడం, సూపర్‌వైజరు ఊళ్ళు తిరగడం, ఇవన్నీ ఒకే బండితో అవుతాయి. కాని ఇంతకు ముందు వాటికోసం సంఘం నిజంగా కిరాయి కట్టి వుంటేనే ఆ ఆదాను లెక్కలో వేయవలె. అదనపు డీజిల్ పోను రోజుకు 200 రూపాయలు మిగిలిందనుకుంటే, 800 లీటర్ల సంఘానికి ఖర్చు 2 రూపాయల 26 పైసల నుంచి 2 రూపాయలకు దిగుతుంది. మిగలనప్పుడు ఆ సీటు ఉత్త సోకే.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో బండి నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగినట్లు మీటరు చూపింది. పాల మార్గం లెక్క కడితే 2,100 దాటలేదు. మిగిలినవి పెళ్ళిళ్ళు, జాతరలు, పట్నం పనులు. దొంగతనం ఎవరూ చేయలేదు. లాగ్‌బుక్ రాసేవారు లేరు, అంతే. కాని ఆ డీజిల్ సొమ్ము పాలు పోసిన వారిదే. కాబట్టి తేది, బయలుదేరిన మీటరు, తిరిగివచ్చిన మీటరు, పని, క్యాన్ల సంఖ్య, ఎక్కినవారి పేర్లు, డీజిల్, సంతకం, ఈ ఎనిమిది గడులు ప్రతి రోజూ నిండవలె. నెల చివర లీటరు ఖర్చు కట్టి నోటీసు బోర్డు మీద పెట్టవలె. పాత కరీంనగర్ జిల్లాలో 2002లో పాల సేకరణ మొదలుపెట్టిన ముల్కనూరు మహిళా డెయిరీ మిగులును బోనసుగా సభ్యులకే పంచుతూ వచ్చింది. రవాణాలో మిగిలిన ప్రతి పైసా కూడా అటువంటి మిగులే.

8. తీర్మానానికి ముందు ఆరు ప్రశ్నలు

ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు మినిట్సు పుస్తకంలో రాసిన తరువాతనే బండి తీర్మానం రాయండి.

1. ఎండాకాలంలో మన పాలు రోజుకు ఎన్ని లీటర్లు? ఆ అంకెతో లీటరు రవాణా ఖర్చు ఎంత? ఇప్పుడు ఇస్తున్న కిరాయి ఎంత?

2. మన ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో బల్క్ కూలరు వస్తున్నదా? వస్తే పాలు అక్కడే 4 డిగ్రీలకు చల్లబడి ట్యాంకరులో పోతాయి. అప్పుడు క్యాన్ల బండికి పని తగ్గిపోతుంది.

3. ఆర్.సి. అంకెల ప్రకారం మనుషులు పోను ఎన్ని క్యాన్లు? సుద్ద గీతల్లో ఎన్ని పట్టినవి?

4. వెనక సీటుతో నెలకు ఎన్ని కిరాయి రోజులు నిజంగా తప్పుతాయి?

5. దారిలో నాలుగు చక్రాల ఈడ్పు లేక ఏడాదికి ఎన్ని రోజులు పాలు ఆగినవి?

6. సర్వీసు సెంటరు ఎంత దూరం? బండి అక్కడ వున్న రోజున పాలు ఎట్లా పోతాయి?

పాలు ఎక్కువ, ఊళ్ళు దగ్గర, దారి మంచిది అయితే ఒంటి క్యాబ్ పికప్ మేలు. పాలు మధ్యరకం, ఊళ్ళు దూరం, సిబ్బంది తిరుగుడు ఎక్కువ అయితే బరువు మోసే రకం డబుల్ క్యాబ్ ఆలోచించదగినదే. పాలు తక్కువైతే రెండు మూడు సంఘాలు కలిసి ఒక కిరాయి బండి కుదుర్చుకోవడమే మేలు. కొనదలచిన సొమ్ముతో మేలుజాతి బర్రెలకు అప్పులు ఇప్పించండి. పాలు పెరిగితే బండి తరువాత తప్పక వస్తుంది. బండి వచ్చినంత మాత్రాన పాలు పెరగవు.